వేడెక్కితే తగ్గిన వాహకత: నెల్లూరు ప్రయోగశాల నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులో మమ్మల్ని ఇబ్బంది పెట్టినవి చూపుకు ఒకేలా కనిపించిన రెండు తగ్గుదలలు. ఒకటి మీటరు పుట్టించినది, రెండోది ద్రావణంలో నిజంగా జరిగినది. మొదటిదాని కారణం బయటపడిన ఉత్సాహంలో రెండోదాన్ని కూడా దాని ఖాతాలోనే వేసి కొట్టిపారేయబోయాం. కర్బన ద్రావణులలో లవణాల విద్యుద్వాహకత మీద పని మొదలుపెట్టే విద్యార్థులకూ, వారికి మార్గదర్శకత్వం వహించేవారికీ ఇది పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. విద్యార్థిని సిద్ధాంత గ్రంథం ఇంకా సమర్పించలేదు కనుక ఆమె వివరాలనూ, ఆమె పనిచేసిన లవణం పేరునూ ఇక్కడ చెప్పడం లేదు. అది ఒక సోడియం లవణమని తెలిస్తే ఈ చర్చకు సరిపోతుంది.

నేపథ్యం

నేను నెల్లూరు జిల్లాలోని ఒక కళాశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. మా ప్రయోగశాలలోని వాహకతా మీటరు పరిశోధన కోసం కొన్నది కాదు. తీరం వెంబడి రొయ్యల చెరువులు సాగుచేసే రైతులు చెరువు నీటినీ, బోరు నీటినీ సీసాలలో పట్టుకొస్తే ఉప్పదనం చూసి చెప్పడానికి కొన్నది. చెరువు నీరు తెల్లవారుజామున ఒక ఉష్ణోగ్రతలో, మధ్యాహ్నం మరో ఉష్ణోగ్రతలో ఉంటుంది. ఉప్పు ఏమాత్రం మారకపోయినా, వేడెక్కిన నీరు ఎక్కువ వాహకత చూపుతుంది. అందువల్ల ఇటువంటి మీటర్లలో ఒక సదుపాయం పెడతారు. ఉష్ణోగ్రతను కొలిచే ప్రోబు ఏ డిగ్రీ చూపినా, మీటరు తనంతట తానే లెక్కకట్టి, అదే నీరు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఎంత వాహకత చూపేదో ఆ విలువనే తెరమీద చూపిస్తుంది. దీనినే ఏటీసీ అంటారు. నీటిలో కరిగిన మామూలు లవణాల వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది కాబట్టి లెక్కలో ఆ 2 శాతాన్నే వాడుతుంది. రొయ్యల రైతుకు ఈ ఏర్పాటు ఎంతో మేలు చేస్తుంది. ఈ కేసులో చిక్కు కూడా అక్కడే మొదలైంది.

విద్యార్థిని తలపెట్టిన పని రెండు ద్రావణులలో, అంటే అసిటోనైట్రైల్‌లోనూ టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లోనూ (ఇకపై టీహెచ్‌ఎఫ్), లవణాల మోలార్ వాహకతను (ఒక మోల్ లవణానికి లెక్కగట్టిన వాహకతను) 25 నుంచి 45 డిగ్రీల వరకు ఐదేసి డిగ్రీల తేడాతో కొలవడం. టీహెచ్‌ఎఫ్ 66 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి 45 దాటనివ్వలేదు. కింది హద్దు 25 అనుకోవడంలోనే మా ఊరి ఎండ అడ్డొచ్చింది. మా వాటర్ బాత్‌కు వేడిచేసే కాయిల్ ఉంది కానీ చల్లబరిచే యంత్రం లేదు. మే నెలలో గదే నలభై డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు బాత్‌ను 25 దగ్గర నిలపాలంటే గంటగంటకూ ఐసుగడ్డలు వేస్తూ కూర్చోవాలి. అలా తీసిన రీడింగులు నిలకడగా రాకపోవడంతో వాటిని పక్కన పెట్టి, వర్షాలు మొదలయ్యాక మళ్లీ ఆరంభించాం.

ఎదురైన సమస్య

అసిటోనైట్రైల్ ద్రావణంతో ఆమె తీసిన మొదటి పూర్తి పట్టికలో వాహకత 25 డిగ్రీల నుంచి 45కు వెళ్లేసరికి దాదాపు ఆరో వంతు తగ్గింది. టీహెచ్‌ఎఫ్ ద్రావణంలోనైతే మూడో వంతుకు పైగా తగ్గింది. పాఠ్యపుస్తకం చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఉష్ణోగ్రత పెరిగితే ద్రావణి స్నిగ్ధత (చిక్కదనం) తగ్గుతుంది, అయాన్ల కదలిక సులువవుతుంది, వాహకత పెరుగుతుంది. మోలార్ వాహకత అవధి విలువను (ద్రావణాన్ని అంతులేకుండా పలుచన చేస్తే చేరే విలువను) స్నిగ్ధతతో గుణిస్తే వచ్చే లబ్ధం ఇంచుమించు స్థిరంగా ఉంటుందని వాల్డెన్ 1906లోనే గమనించాడు. ఆ లెక్కన అసిటోనైట్రైల్‌లో డిగ్రీకి ఒక శాతం చొప్పున పెరుగుదల కనిపించాలి.

ఆమె నా గదికి వచ్చి, "సార్, మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇలాగే వచ్చింది," అంది. ఆ మాటను నేను తగినంత పట్టించుకోలేదు. మూడుసార్లు ఒకేలా వచ్చిందంటే అది చేతి పొరపాటు అయ్యే అవకాశం తక్కువ. అయినా నా అనుమానం ముందు ఆమె పనితీరు మీదికే వెళ్లింది.

చేసి చూసినవి, ఫలించనివి

మొదట ఆవిరి నష్టాన్ని అనుమానించాం. కానీ కాస్త ఆలోచిస్తే ఆ వాదన నిలవదు. ద్రావణి ఆవిరైతే మిగిలిన ద్రావణం గాఢత పెరుగుతుంది, రీడింగు పైకి వెళ్లాలి. ద్రావణం మట్టం ఎలక్ట్రోడ్ల కంటే కిందికి దిగినప్పుడు మాత్రమే రీడింగు తగ్గుతుంది. మా సెల్‌కు, అంటే ద్రావణాన్నీ ఎలక్ట్రోడ్లనూ ఉంచే పాత్రకు, గట్టి మూత ఉంది, మట్టం కంటికి కనిపిస్తూనే ఉంది. కాబట్టి దీన్ని ఒక్క పూటలోనే వదిలేశాం.

తర్వాత తేమను అనుమానించాం. నేను ఎక్కువ కాలం పోగొట్టింది ఇక్కడే. నెల్లూరుకు వర్షం ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. ఆ రోజులలో సముద్రపు గాలి తేమ ఎంతగా ఉంటుందంటే, మూత తీసిపెట్టిన సీసాలోని పొడి లవణం చూస్తుండగానే ముద్దకడుతుంది. టీహెచ్‌ఎఫ్, అసిటోనైట్రైల్ రెండూ తేమను పీల్చుకునేవే. అందుకని ద్రావణులను మళ్లీ శుద్ధి చేయించాను. అసిటోనైట్రైల్‌ను మాలిక్యులర్ సీవ్స్ (తేమను పీల్చే గుళికలు) మీద ఉంచి స్వేదనం చేశాం. టీహెచ్‌ఎఫ్‌లో ముందుగా పెరాక్సైడ్లు లేవని పరీక్షించుకున్నాక, సోడియం, బెంజోఫినోన్‌లతో తేమ పోయిందనడానికి గుర్తయిన నీలిరంగు నిలిచేదాకా మరిగించి స్వేదనం చేశాం. ఈ పెరాక్సైడ్ పరీక్షను ఎవరూ ఎన్నడూ వదిలేయకూడదు. నిల్వ ఉన్న టీహెచ్‌ఎఫ్‌ను పరీక్షించకుండా స్వేదనం చేస్తే పేలే ప్రమాదం ఉంది. మూడు వారాల శ్రమ తర్వాత లవణం లేని శుద్ధ ద్రావణి వాహకత బాగా తగ్గింది, అంటే శుద్ధి నిజంగానే మెరుగుపడింది. కానీ లవణ ద్రావణాల తగ్గుదల చెక్కు చెదరలేదు.

ఇక్కడ నా ఆలోచనలో జరిగిన లోపాన్ని దాచను. కొలత సాగుతుండగా తేమ లోపలికి చేరితే ఏం జరుగుతుంది? నీరు సోడియం అయాన్‌ను గట్టిగా పట్టుకుని అయాన్ జంటలు (వ్యతిరేక ఆవేశాల వల్ల అతుక్కుని తిరిగే రెండేసి అయాన్లు) విడిపోవడానికి తోడ్పడుతుంది కాబట్టి వాహకత పెరగాలి. మేము చూస్తున్నది తగ్గుదల. శుద్ధి చేయించే ముందే ఈ ప్రశ్న వేసుకుని ఉంటే ఆ మూడు వారాలూ మిగిలేవి. శుద్ధమైన ద్రావణి ఎలాగూ అవసరమే కనుక శ్రమ వృథా కాలేదు, కానీ ఆ శుద్ధి మా సమస్యకు జవాబు కాదని ముందే తెలుసుకోగలిగేవాళ్లం.

మూడో అనుమానం వేడికి లవణం విచ్ఛిన్నమవుతోందేమో, లేదా అవక్షేపంగా దిగుతోందేమో అని. దీనికి ఆమె చేసిన పరీక్ష చాలా చక్కనిది. 25 నుంచి 45 వరకు తీసుకువెళ్లి, అదే ద్రావణాన్ని కదపకుండా తిరిగి 25కు దించింది. రీడింగు మొదటి విలువకు దాదాపు ఒక శాతం తేడాతో తిరిగి వచ్చింది, ద్రావణం మొదటినుంచీ తేటగానే ఉంది. ఈ ఒక్క పరీక్షతో ఆవిరి, తేమ, విచ్ఛిత్తి అనే మూడు అనుమానాలూ ఒకేసారి తొలగిపోయాయి, ఎందుకంటే ఆ మూడూ వెనక్కి మళ్లని మార్పులు. వేడికి తగ్గి చల్లబడితే తిరిగి వచ్చేది ఒక సమతాస్థితి కావాలి, లేదా పరికరం చేసే లెక్క కావాలి. ఇప్పుడు ఎవరైనా కొత్తగా వస్తే నేను మొదటి రోజే చేయించే పరీక్ష ఇది.

సెల్ స్థిరాంకాన్ని, అంటే ఎలక్ట్రోడ్ల పరిమాణాన్నీ వాటి మధ్య దూరాన్నీ లెక్కలోకి తెచ్చే అంకెను, కూడా సరిచూశాం. దీనికి అందరూ వాడేది పొటాషియం క్లోరైడ్ ద్రావణమే. లీటరుకు 0.01 మోల్ గాఢత ఉన్న ద్రావణం విశిష్ట వాహకత 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్లు. మా మీటరు 1413 చూపించింది. పరికరం నిర్దోషి అని ఆ రోజు నోటుబుక్కులో నేనే సంతకం చేశాను.

సరైన అంకెలో దొరికిన తప్పు

కొన్నాళ్ల తర్వాత ఆ పేజీని మళ్లీ తిరగేస్తున్నప్పుడు ఒక విషయం దగ్గర నా చూపు ఆగింది. ఆమె శ్రద్ధగలది కావడం వల్ల పొటాషియం క్లోరైడ్ రీడింగును ఒక్కసారి కాక, ఒకే రోజు మూడు పూటలా తీసి రాసింది. మూడూ 1413కు అటూ ఇటూ ఉన్నాయి.

"అమ్మా, ఈ రీడింగులు తీసినప్పుడు బాత్ ఎంతలో ఉంది?" అని అడిగాను.

"పొద్దున 25లో సార్. తర్వాత ద్రావణాల కోసం పెంచాం కదా, మధ్యాహ్నం 30, సాయంత్రం 40. అదే బాత్‌లో ఉంచి తీశాను," అంది.

30 డిగ్రీల దగ్గర ఆ ద్రావణం 1552 చూపాలి. నలభై దగ్గర 1800 దాటాలి. మూడు ఉష్ణోగ్రతలలోనూ 1413 రావడం అసాధ్యం. మేము పరికరానికి యోగ్యతాపత్రంగా భావించిన ఆ అంకే దాని జోక్యానికి సాక్ష్యమైంది. నీటి కోసం చేసిన సవరణ నీటి ద్రావణంలో సరిగ్గా అమరిపోతుంది కాబట్టి, నీటి ద్రావణంతో చేసే తనిఖీలో అది ఎప్పటికీ బయటపడదు. అందుకే సెల్ స్థిరాంకం తనిఖీ మాకు నిజమైన భరోసా ఇవ్వలేకపోయింది.

అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి ద్రావణం అనేదే లేని పరీక్ష కావాలనిపించింది. సెల్‌ను తీసేసి, దాని తీగలకు వెయ్యి ఓమ్‌ల నిరోధకాన్ని కలిపాం. సెల్ స్థిరాంకాన్ని 1గా ఉంచితే మీటరు 1000 మైక్రోసీమెన్లు చూపాలి. ఉష్ణోగ్రత ప్రోబును మాత్రం బాత్ నీటిలో ముంచాం. బాత్ 25 దగ్గర ఉన్నప్పుడు 1000 చూపింది. 45 దగ్గర 714కు దిగింది. బల్లమీద చల్లగా పడివున్న నిరోధకంలో ఏ మార్పూ లేదు. 20 డిగ్రీల తేడాకు డిగ్రీకి 2 శాతం చొప్పున 40 శాతం, అంటే నిజమైన విలువను 1.4తో భాగించి చూపిస్తోంది. 1000ని 1.4తో భాగిస్తే 714.

మీటరులో డిగ్రీకి 2 శాతంగా ఉన్న సవరణ గుణకాన్ని సున్నాకు మార్చాక అసిటోనైట్రైల్ ద్రావణం పుస్తకంలో చెప్పినట్టే ప్రవర్తించింది. 45 డిగ్రీలకు వెళ్లేసరికి వాహకత ఐదో వంతుకు కాస్త తక్కువగా పెరిగింది. ఇంకో మేలు కూడా జరిగింది. ఆమె ప్రతి రీడింగు పక్కనా ఉష్ణోగ్రత రాసివుంచింది కాబట్టి, పాత పట్టికలోని ప్రతి అంకెనూ, మీటరు ఆ ఉష్ణోగ్రత దగ్గర దేనితో భాగించిందో ఆ సంఖ్యతో గుణించి నిజమైన విలువను తిరిగి రాబట్టగలిగాం. తగ్గినట్టు కనిపించిన 0.84 వంతు 1.4తో గుణిస్తే 1.18 అయింది. మచ్చుకు కొన్నింటిని కొత్తగా కొలిచి సరిచూస్తే సరిపోయాయి. ఉష్ణోగ్రత గడి ఖాళీగా ఉండివుంటే నెలల పని చెత్తబుట్ట పాలయ్యేది.

మిగిలిపోయిన తగ్గుదల

టీహెచ్‌ఎఫ్ మాత్రం దారికి రాలేదు. సవరణ తీసేశాక కూడా సోడియం లవణపు వాహకత 45 డిగ్రీల దగ్గర పదో వంతు మేర తగ్గుతూనే ఉంది. మీటరు దోషం ఒకటి అప్పుడే పట్టుబడింది కాబట్టి, ఇందులోనూ మరో దోషం దాగివుందని అనుకోవడం ఇద్దరికీ సులువనిపించింది. టీహెచ్‌ఎఫ్ అధ్యాయాన్ని వదిలేసి అసిటోనైట్రైల్‌తో సరిపెట్టుకుందామని ఆమె అడిగింది. నేనూ దాదాపు ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఆపింది ఒక చిన్న లెక్క.

రెండు వ్యతిరేక ఆవేశాల మధ్య ఆకర్షణ శక్తి, అణువుల ఉష్ణ చలన శక్తికి సమానమయ్యే దూరం ఎంత? ఇది ద్రావణి డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని (ఆవేశాల మధ్య ఆకర్షణను ద్రావణి ఎన్ని రెట్లు బలహీనపరుస్తుందో చెప్పే అంకెను) పరమ ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చే లబ్ధానికి విలోమంగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 78.4, అసిటోనైట్రైల్‌ది సుమారు 36, టీహెచ్‌ఎఫ్‌ది 7.6 మాత్రమే. లెక్కవేస్తే ఆ దూరం నీటిలో 0.7 నానోమీటర్లు, అసిటోనైట్రైల్‌లో 1.6, టీహెచ్‌ఎఫ్‌లో 7.4 వస్తుంది. ఒక చిన్న అయాన్ వ్యాసార్ధం నానోమీటరులో పదో వంతో రెండు పదో వంతులో ఉంటుందని గుర్తుంచుకుంటే, టీహెచ్‌ఎఫ్‌లో అయాన్లు ఎంత దూరం నుంచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయో తెలుస్తుంది. అక్కడ లవణంలో అధికభాగం అయాన్ జంటలుగా ఉంటుంది. జంటకు నికర ఆవేశం లేదు కనుక అది విద్యుత్తును మోయదు. కరిగిన లవణంలో కొద్ది శాతం మాత్రమే విడి అయాన్లుగా తిరుగుతూ వాహకతనంతా భరిస్తుంది. అయాన్ జంటల భావనను బ్యెర్రం 1926లో ప్రతిపాదించాడు. ఇటువంటి ద్రావణులలో వాహకతను దానితో వివరించే పనిని ఫ్యూస్, క్రౌస్ 1933లో చేపట్టారు.

అప్పుడు ఉష్ణోగ్రత రెండు పనులు చేస్తుందని తేలుతుంది. స్నిగ్ధత తగ్గించి అయాన్లను వేగంగా నడిపిస్తుంది. అదే సమయంలో విడి అయాన్ల సంఖ్యను మారుస్తుంది. వేడిచేస్తే జంటలు విడిపోవాలి కదా అని మనకు సహజంగా తోస్తుంది. టీహెచ్‌ఎఫ్‌లో జరిగేది దీనికి తలకిందులు. ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో అంతకంటే వేగంగా డైఎలక్ట్రిక్ స్థిరాంకం పడిపోతుంది కాబట్టి రెండింటి లబ్ధం తగ్గి, ఆకర్షణ పట్టు బిగుస్తుంది. దానికంటే బలమైన కారణం మరొకటుంది. జంట నుంచి విడివడిన సోడియం అయాన్ చుట్టూ టీహెచ్‌ఎఫ్ అణువులు తమ ఆక్సిజన్లతో గట్టిగా చేరతాయి. ఆ చేరికలో ఉష్ణం వెలువడుతుంది, చేరిన అణువులు స్వేచ్ఛ కోల్పోతాయి. ఉష్ణం వెలువరించే చర్యను వేడిచేస్తే అది వెనక్కి నడుస్తుంది. లే షాటెలియే సూత్రం ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలిసినదే. ఫ్లోరినైల్ సోడియం అనే లవణం విషయంలో హోగెన్-ఎష్, స్మిడ్ 1966లో దీనిని వర్ణపటంలోనే చూపించారు. టీహెచ్‌ఎఫ్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర 356 నానోమీటర్ల వద్ద ఉన్న శోషణ, బాగా చల్లబరిచినప్పుడు 373కు జరిగింది. అంటే చలిలో ద్రావణి అణువులు జంట మధ్యలోకి దూరి దానిని సడలిస్తాయి.

వివరణ బాగుందనిపించినంత మాత్రాన అది మా ద్రావణానికి వర్తిస్తుందని కాదు. అది తప్పయితే తప్పని చూపగలిగే పరీక్షలు కావాలి. రెండింటిని ఎంచుకున్నాం.

మొదటిది ద్రావణాన్ని పలుచన చేయడం. జంటలే ప్రధానమైతే మోలార్ వాహకత గాఢత వర్గమూలానికి విలోమంగా మారాలి, అంటే నాలుగు రెట్లు పలుచన చేస్తే దాదాపు రెట్టింపు కావాలి. కోల్‌రాష్ సూత్రం ప్రకారం బలమైన విద్యుద్విశ్లేష్యకాలలో (పూర్తిగా అయాన్లుగా విడిపోయే లవణాలలో) వచ్చే మార్పు ఇందులో స్వల్పభాగం కూడా ఉండదు. ఆమె కొలిస్తే రెట్టింపుకు కాస్త తక్కువ వచ్చింది. గాఢత మరీ ఎక్కువైతే మూడేసి అయాన్ల గుంపులు ఏర్పడి లెక్క చెదురుతుంది కాబట్టి ఆ మేరకు పోకుండా పలుచని ద్రావణాలకే పరిమితమయ్యాం.

రెండో పరీక్ష నాకు మరింత నమ్మకం కలిగించింది. అదే టీహెచ్‌ఎఫ్, అదే బాత్, అదే మీటరు, అదే సెల్. సోడియం లవణం బదులు టెట్రాబ్యూటైలమోనియం లవణం. ఆ పెద్ద అయాన్ చుట్టూ నాలుగు బ్యూటైల్ గొలుసులు ఉండటం వల్ల టీహెచ్‌ఎఫ్ దాన్ని గట్టిగా పట్టుకోలేదు, విడిపోవడంలో వెలువడే ఉష్ణం తక్కువ. మా వివరణ సరైనదైతే ఈ లవణపు వాహకత వేడికి పెరగాలి. పరికరంలో దోషముంటే ఇదీ తగ్గాలి. అది పెరిగింది. ఒకే పూట, ఒకే బల్లమీద ఒక లవణం పెరిగి మరొకటి తగ్గితే ఆ తేడాను మీటరుకు అంటగట్టలేం.

టీహెచ్‌ఎఫ్ అధ్యాయం అలా నిలిచింది. ఇప్పుడు ఆ గ్రంథంలో అన్నిటికంటే విలువైన అధ్యాయం అదేనని నా అభిప్రాయం.

పని తీరులో చేసిన మార్పులు

ద్రావణాలను ఘనపరిమాణంతో కాక బరువుతో తయారుచేయిస్తున్నాను. టీహెచ్‌ఎఫ్ డిగ్రీకి సుమారు 0.12 శాతం వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీలకు గాఢత రెండు శాతానికి పైగా తగ్గుతుంది. పదో వంతు మార్పు గురించి వాదిస్తున్నప్పుడు ఆ రెండు శాతాన్ని సాంద్రతతో సరిదిద్దకుండా వదలడం న్యాయం కాదు. వాహకత అతి తక్కువగా ఉండే టీహెచ్‌ఎఫ్ ద్రావణాలకు స్థిరాంకం 0.1 ఉన్న సెల్ వాడి, దానిని 0.001 మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో, 147 మైక్రోసీమెన్ల విలువతో సరిచూస్తున్నాం. ఆ సరిచూడడం కూడా రెండు ఉష్ణోగ్రతల దగ్గర చేస్తాం. రెండుచోట్లా ఒకే అంకె వస్తే అక్కడే ఆగిపోతాం. వెయ్యి ఓమ్‌ల నిరోధకం ఇప్పుడు మీటరు పక్కనే చిన్న డబ్బాలో ఉంటుంది.

వేరే మీటరు కొనే స్తోమత మాకు ఇంకా లేదు. రైతుల సీసాలు ఇప్పటికీ అదే మీటరు దగ్గరకు వస్తాయి, వారికి ఆ సవరణ ఉండాల్సిందే. అందువల్ల పక్కన ఒక రిజిస్టరు పెట్టాం. తేదీ, ద్రావణి, ప్రోబు చూపిన ఉష్ణోగ్రత, సవరణ గుణకం అని నాలుగు గడులు గీశాం. నాలుగో గడి నింపకుండా తీసిన రీడింగును నేను చూడను. టీహెచ్‌ఎఫ్ కొలతలు ముగిసిన మర్నాడు ఆ రిజిస్టరులో పడిన మొదటి పద్దు చెరువు నీటిదే: ఉష్ణోగ్రత 29, గుణకం 2 శాతం.